మంగళం లేని కచేరీ

1954 ఫిబ్రవరి 7, ఆదివారం

సంఘానికి వెళ్ళాను. అమ్మాజీ చెయ్యి పట్టుకుని లాక్కుపోతే వెళ్ళాను గానీ నా అంతట నేను వెళ్ళలేదు. పక్కవాటాలో నర్సును పెట్టుకుంటే జబ్బులు దగ్గరికి రావంటారు. ఆ సంగతేమో గానీ, ఆదివారం పూట ఒక కునుకు తీసే యోగం మాత్రం పోయింది.

అమలాపురంలో ఉద్యోగాలు చేసుకునే కుర్రకారు అంతా కలిసి పెట్టుకున్న సంఘం ఇది. తాలూకా ఆఫీసు గుమాస్తాలు, మేష్టర్లు, పోస్టాఫీసు వాళ్ళు. కొత్తగా నల్లకోటు వేసుకున్న బుల్లబ్బాయి గారు సెక్రటరీ. కొత్త రాష్ట్రం వచ్చిన దగ్గర్నుంచీ వీళ్ళకి కాలు నిలవడం లేదు. పోయిన నెల కాలువలో ఈత పందేలు పెట్టారు. అంతకుముందు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకోవాలా వద్దా అని చర్చ పెట్టి, చేర్చుకోవాల్సిందేనని తీర్మానించారు. ఆ చర్చకి ఆడవాళ్ళెవర్నీ పిలవలేదట.

ఇవాళ బుల్లబ్బాయి గారు లేచి, వచ్చే నెల కాలువ గట్టున జాజ్ ఉత్సవం అని ప్రకటించారు. "ఆరుబయటండీ. టిక్కెట్టు లేదండీ. రైతు వచ్చినా, కూలీ వచ్చినా, కలెక్టరు గారొచ్చినా అదే చాపండీ." అందరూ చప్పట్లు కొట్టాక వెనకనుంచి ఎవరో, "జాజ్ అంటే ఏంటండీ?" అన్నారు. బుల్లబ్బాయి గారు జోజి గారి వైపు చూశారు.

జోజి గారు అమ్మాజీ అన్నయ్య. ఆసుపత్రిలో కాంపౌండరు. యుద్ధంలో మిలిటరీ ఆసుపత్రికి కలకత్తా వెళ్ళి, అక్కడి తెల్ల సోల్జర్ల బ్యాండులో క్లారినెట్ నేర్చుకుని వచ్చారట. మనిషి మాట్లాడితే మందు సీసా మీద చీటీ చదివినట్టుంటుంది, అంత పొదుపు. అడిగినదానికి జవాబు చెప్పకుండా పెట్టె తెరిచి, ముక్కలు బిగించి, వాయించారు.

నేను వెనక టీ కాస్తున్నాను. పాట మీద నాకు ఆసక్తి పోయి రెండేళ్ళయింది. ఊరికే చెవిన పడింది. టీ పొంగిపోయింది.

ఫిబ్రవరి 10, బుధవారం

మా బడి పెద్ద టీచరు సుందరమ్మ గారు గదిలోకి పిలిచారు. ఏప్రిల్‌లో నా ఉద్యోగం ఖాయం చెయ్యమని ఆవిడే పైకి రాయాలి. ఆ జీతం మీదే అమ్మా నేనూ బతుకుతున్నామని ఆవిడకి తెలుసు.

"సంఘానికి వెళ్తున్నావంట. వెళ్ళు. పేపర్లు చదువుకో, షటిల్ ఆడుకో. కానీ వేదికెక్కి పాడేవంటే మాత్రం నేను రాయను. నువ్వు వీరన్న దాసు గారి అమ్మాయివని ఊరందరికీ తెలుసు. మన బడికి ఆడపిల్లల్ని పంపడానికే సవాలక్ష ఆలోచిస్తారు. టీచరు దగ్గరికి పంపుతున్నామో పాటకత్తె దగ్గరికి పంపుతున్నామో అని ఒక్కళ్ళు అన్నా నేను పడలేను."

"ఆయ్. పాడనండి" అన్నాను.

అబద్ధం చెప్పలేదు. నేను పాడను. ఉద్యోగం కోసం కాదు. నాన్న పోయినప్పటి నుంచీ పాడలేదు, అంతే. దీనికీ దానికీ సంబంధం లేదు.

ఫిబ్రవరి 14, ఆదివారం

సంఘానికి వెళ్ళాను. టీ పెట్టడానికి మనిషి లేరని అమ్మాజీ అంది.

ఇవాళ జోజి గారు అందరికీ విడమర్చి చెప్పారు. ఆయన అన్ని మాటలు మాట్లాడటం అమ్మాజీ కూడా ఎప్పుడూ చూడలేదట. "పాట ఒకటేనండీ. ముందు అందరం కలిసి ఎత్తుకుంటాం. తరవాత ఒకడు దాన్ని వదిలేసి ఎటో వెళ్ళిపోతాడు. వాడికే తెలీదు ఎటెళ్తాడో. మిగతావాళ్ళు వాడి కోసం కాసుకుని ఉంటారు. తిరిగి తిరిగి వచ్చి పాటలో కలుస్తాడండీ. రోజూ ఒకే దారిన వెళ్తే అది జాజ్ కాదు."

గుమాస్తాలు తలకాయలు ఊపారు. ఒక్కడికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఇది పిట్టకథ. నాన్న హరికథలో సీతమ్మని అశోకవనంలో కూర్చోబెట్టి, హఠాత్తుగా రావులపాలెం సంతలో గేదెను కొన్నవాడి కథలోకి దూకేవారు. జనం నవ్వి నవ్వి సీతమ్మని మర్చిపోయే వేళకి, చిడతలు ఒక్కసారి మోగించి సరిగ్గా వదిలిన పదం మీదకే వచ్చి వాలేవారు. ఏ రోజు ఏ పిట్టకథ చెబుతారో మద్దెల ఆయనకి కూడా తెలిసేది కాదు.

కథ అయ్యాక నాన్న హారతి పళ్ళెం పట్టుకుని జనంలోకి దిగేవారు. అప్పుడు మంగళం నేను పాడేదాన్ని. ఎనిమిదో ఏట నుంచీ అది నా వంతు. ఆఖరి చరణం ఆయనది.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో. జోజి గారు గొప్ప కళాకారుడు, ఆ ముక్క రాద్దామనుకున్నాను.

ఫిబ్రవరి 15, సోమవారం

రెండో తరగతికి ఎక్కాలు చెప్పిస్తూ ఆ క్లారినెట్ పాట కూనిరాగం తీశానని పిల్లలు అంటున్నారు. పిల్లలు ఏదైనా అంటారు.

ఫిబ్రవరి 21, ఆదివారం

సంఘానికి వెళ్ళాను. టీ.

కార్యక్రమం ఎలా నడపాలో మాట్లాడుకున్నారు. బుల్లబ్బాయి గారి పద్ధతి ఏమిటంటే అంతా ఆధునికంగా ఉండాలి. "ప్రార్థనా గీతం వద్దండీ. పూలదండలు వద్దు. చివర మంగళం అసలే వద్దండీ. ఎవరి దేవుడి మంగళం పాడతాం? అన్ని మతాలవాళ్ళూ వస్తారు. పాట అయిపోయిందా, నమస్కారం పెట్టేమా, అంతేనండీ. పట్నాల్లో అలాగే చేస్తారు." అందరూ సరే అన్నారు. మాట సబబుగానే ఉంది. అయినా ఎక్కడో పంటి కింద రాయి తగిలినట్టయింది. నాకెందుకు, నేను టీ పెట్టేదాన్ని.

వచ్చేస్తుంటే జోజి గారు గుమ్మం దగ్గర, "టీచరు గారూ, తమరు పాడతారంట. చెల్లి చెప్పింది" అన్నారు.

"ఒకప్పుడండీ" అన్నాను.

"ఆయ్" అని ఊరుకున్నారు. మళ్ళీ అడగలేదు. మర్యాద తెలిసిన మనిషి. ఇంకోసారి అడిగితే మాత్రం ఆయన సొమ్మేం పోయింది?

ఫిబ్రవరి 28, ఆదివారం

వేదిక కుదిరింది. కొబ్బరికాయలు తోలే పడవలు రెండు పక్కపక్కన కట్టి, మీద బల్లలు పరిచి, రేవుల్లో పంటు కట్టినట్టు కడతారట. వాయించేవాళ్ళు నీళ్ళ మీద, వినేవాళ్ళు గట్టు మీద. ఈ ఆలోచన జోజి గారిది. నీళ్ళ మీద నుంచి పాట దూరం వెళ్తుందట. నాకెవరూ చెప్పక్కర్లేదు గానీ, ఆ మనిషి బుర్రే బుర్ర.

మార్చి 7, ఆదివారం

చీరకి అంచు కుట్టుకున్నాను. టీ పెట్టడానికి వెళ్ళేవాళ్ళు మాత్రం చిరుగు చీరతో వెళ్ళాలా?

మార్చి 15, సోమవారం

బడికి వెళ్ళేలోపు రాసెయ్యాలి.

నిన్న మధ్యాహ్నం ఎండ చల్లబడే వేళకే గట్టు నిండిపోయింది. కాట్రేనికోన నుంచి ఎడ్లబళ్ళు కట్టుకుని వచ్చారు. ఉచితం అన్నందుకు వచ్చినవాళ్ళు కొందరు, పడవల మీద వేదికట కదా చూద్దామని వచ్చినవాళ్ళు చాలామంది. జాజ్ కోసం వచ్చినవాళ్ళు ఒక్కరూ ఉండరు. ఆడవాళ్ళ వైపు ముందు వరసలో సుందరమ్మ గారు ఇంటి నుంచి తెప్పించుకున్న కుర్చీలో, పక్కన గొడుగు. సరిగ్గా ఆవిడ వెనకే నేనూ అమ్మా. నాన్న పోయాక అమ్మ ఒక కచేరీకి రావడం ఇదే మొదలు. ఎందుకొచ్చావని నేను అడగలేదు.

విశాఖపట్నం నుంచి జోజి గారి పాత స్నేహితులు ఇద్దరు వచ్చారు. ట్రంపెట్ ఊదే డిసౌజా గారు, డ్రమ్ములు వాయించే పేతురు గారు. యుద్ధంలో ఒకే బ్యాండు. దారిఖర్చులకే ఒప్పుకుని వచ్చిన పుణ్యాత్ములు. ఇవాళ పొద్దున్నే వాళ్ళకి డ్యూటీ. చీకటి ముదిరేలోపు ముక్తేశ్వరం రేవులో ఆఖరి పంటు ఎక్కి గోదావరి దాటితేనే రైలు అందేది. ఆ సంగతి బుల్లబ్బాయి గారు అందరికీ చెబుతూనే ఉన్నారు.

మొదలెట్టారు. ముగ్గురూ కలిసి పాట ఎత్తుకున్నారు. ఉన్నట్టుండి జోజి గారు దాన్ని వదిలేసి ఎటో వెళ్ళిపోయారు. గట్టు మీద గుసగుసలు. నా పక్కన కూర్చున్న ముసలామె, కనకమ్మ గారట, నా మోకాలు తట్టి, "ఏవమ్మా, పాట పోయింది కదా? ఎటు పోయేడు ఆ అబ్బాయి?" అంది.

"పిట్టకథ చెబుతున్నారండీ. మళ్ళీ వచ్చేస్తారు" అన్నాను.

"ఓహో, పిట్టకథా!" అని ఆవిడ చెవి రిక్కించి కూర్చుంది. జోజి గారు అంత దూరం తిరిగి, సరిగ్గా వదిలిన చోటికి వచ్చి కలిశారు. "వచ్చేడు! వచ్చేడు!" అని కనకమ్మ గారు అరిచింది. పిట్టకథంట, పిట్టకథంట అని మాట వరస వెంట వరస పాకింది. మూడో పాటకల్లా ఎవరు తిరిగి వచ్చి కలిసినా గట్టు గట్టంతా "వచ్చేడు!" అనడం మొదలెట్టింది. డిసౌజా గారు బిత్తరపోయి, అదేమిటని జోజి గారిని అడిగారట. అర్థం తెలిశాక, క్లబ్బుల్లో గ్లాసులు దించి తన మొహం కూడా చూసేవాళ్ళు ఉండరు, ఇక్కడ ఇంటికొచ్చిన అల్లుడిని పిలిచినట్టు పిలుస్తున్నారు అన్నారట. ఆ తరువాత ఆయన వాయించిన వాయింపు! అంత పెద్ద మనిషి మొహం చిన్నపిల్లాడి మొహమైపోయింది. ముగ్గురూ ముగ్గురే. నా జన్మలో మళ్ళీ అలాంటిది వింటానో లేదో.

ఆఖరి పాట అయింది. ముగ్గురూ లేచి నమస్కారం పెట్టారు.

ఒక్కరూ కదల్లేదు.

ఇంకా కావాలనుకుంటున్నారని వాళ్ళు ఇంకోటి వాయించారు. నమస్కారం పెట్టారు. కదల్లేదు. ఇంకోటి. పొద్దు కొబ్బరిమట్టల్లోకి దిగింది. బుల్లబ్బాయి గారు ముందుకొచ్చి, "కార్యక్రమం ముగిసిందండీ" అన్నారు. "ఆయ్" అంది గట్టంతా. చాపలు సర్దుకుని ఇంకా కుదురుగా కూర్చున్నారు.

బుల్లబ్బాయి గారు ముందు వరసలో ఉన్న మంగరాజు గారి దగ్గర వంగి, "పెద్దవారు, తమరు లేస్తే అందరూ లేస్తారండీ" అని బతిమాలారు. ఆయనకి కోపం వచ్చింది. "అదేం మాటండీ? మంగళం అవకుండా లేచిపోతే వాయించినోళ్ళని అవమానించినట్టు కాదూ? మాకా మాత్రం తెలీదనుకున్నారా!" సరే, ఇవతల ఆడవాళ్ళలో అమ్మాజీ వాళ్ళమ్మగారు ఉన్నారు కదా అని బుల్లబ్బాయి గారు ఇటు పరుగెత్తుకొచ్చారు. ఆవిడ, "మావోళ్ళ సంగతీ అంతేనండీ బాబూ. ఆఖర్న దీవెన చెప్పకుండా కూటంలోంచి ఎలా లేస్తామండీ? పాస్టరు గారు కూడా రాలేదాయె" అంది.

లేవకపోవడం వీళ్ళ మర్యాద. జనం కూర్చుని ఉండగా ఆపకపోవడం వాళ్ళ మర్యాద. మా కోనసీమలో మర్యాదతో మనుషుల్ని చంపెయ్యగలరు. డిసౌజా గారి పెదవి వాచిపోయింది. ఆయన ఒకసారి పొద్దు వంక చూసి, ట్రంపెట్ తుడుచుకుని, మళ్ళీ నోటికి ఆనించుకున్నారు. అది చూశాక నాకు కూర్చోబుద్ధి కాలేదు.

మంగళం వచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అండీ అని బుల్లబ్బాయి గారు అందరినీ అడుగుతూ తిరుగుతున్నారు. మగవాళ్ళందరూ ఒకరినొకరు చూసుకున్నారు. జోజి గారు పడవ మీద నుంచి నా వైపు చూశారు. ఇప్పుడూ అడగలేదు. నా ఎదురుగా సుందరమ్మ గారి ముడి, అందులో గుచ్చిన నల్ల పిన్ను. ఏప్రిల్ గుర్తొచ్చింది. అమ్మ మొహం చూశాను. పాడితే ఏమవుతుందో అమ్మకి నేను చెప్పలేదు.

"అది నీ వంతే కదే" అంది అమ్మ.

లేచాను. జోజి గారు చెయ్యి అందించబోతే, "ఎక్కనండీ, ఇక్కడే" అన్నాను. నోరు తెరిస్తే గాలి తప్ప ఏమీ రాలేదు. అప్పుడు క్లారినెట్ అడుగు స్వరం ఒకటి పట్టి, అలాగే నిలబెట్టి ఉంచింది. నాన్న హార్మోనియం ఆయన కూడా నాకు అలాగే శ్రుతి అందించేవాడు.

పాడాను. నాన్న కట్టిన మంగళం. విన్నవాళ్ళకి మంగళం, వినక వెళ్ళినవాళ్ళకి మంగళం, ఇల్లు చేరినవాళ్ళకి మంగళం, దారిలో ఉన్నవాళ్ళకి మంగళం. ఏ దేవుడి పేరూ లేదు అందులో, నిన్న పాడుతుంటేనే ఆ సంగతి గమనించాను. 'వినక వెళ్ళినవాళ్ళకి' అన్నచోట నాన్న రోజుల్లో లాగే సన్నగా నవ్వులు. క్లారినెట్ నా వెనకే వచ్చింది, ఒక్కసారి కూడా ముందుకు దూకలేదు. పేతురు గారు కర్రలు పక్కన పెట్టి వేళ్ళతో వాయించారు. జనం లేచి నిలబడ్డారు, చేతులు జోడించి. సుందరమ్మ గారు కూడా లేచారు. అమ్మాజీ వాళ్ళమ్మగారు తల వంచుకుని నిలబడి చివర 'ఆమేన్' అన్నారు.

ఆఖరి చరణం పాడలేదు.

అంతే, అందరూ చాపలు దులుపుకుని, పిల్లల్ని చంకనేసుకుని వెళ్ళిపోయారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. డిసౌజా గారు పాపం, నచ్చలేదా అని జోజి గారిని అడిగారు. "దణ్ణం పెట్టుకుని వెళ్ళేరు, ఇంకేం కావాలి" అన్నారు జోజి గారు. ఆఖరి పంటు అందిందని ఇందాక అమ్మాజీ వచ్చి చెప్పింది.

గంట కొట్టే వేళయింది. ఇవాళ ఏమవుతుందో తెలుసు. పాడాను మరి. పాడనని చెప్పి పాడాను. ఇంకోసారి అదే గట్టు, అదే జనం అయితే ఏం చేస్తావంటే, అదే చేస్తాను.

అదే రోజు, సాయంత్రం

బడి వదిలాక గదిలోకి రమ్మన్నారు.

"నిన్న వేదిక ఎక్కడ కట్టేరు?" అన్నారు సుందరమ్మ గారు.

"పడవల మీదండీ."

"నువ్వెక్కడ నిలబడ్డావు?"

"గట్టు మీదండీ."

"వేదికెక్కితే రాయనన్నాను. గట్టు గురించి నేనేం అనలేదు. పొద్దున్నే రాసి పంపించేసేను." అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నేను నమస్కారం పెట్టి వెనక్కి తిరిగాను. "ఉండు. చివర ఇంకో చరణం ఉండాలి కదా. ఎందుకు వదిలేసేవు?"

ఆ సంగతి ఆవిడకెలా తెలుసునా అని చూశాను.

"కొత్తపేటలో నేను కొత్తగా చేరిన రోజుల్లో మీ నాన్నగారి కథ ఒక్కటీ వదల్లేదు. ఆడవాళ్ళలో ఆఖరి వరస నాది. టీచరునని ఎవరూ గుర్తుపట్టకుండా ముసుగేసుకుని కూర్చునేదాన్ని. నువ్వు పీట మీద నిలబడి పాడేదానివి. ఆ చరణం నీకు మరుపొచ్చిందా?"

"మరుపు కాదండీ. అది నా వంతు కాదు. అది నాన్న పాడేవారు."

హారతి జనమంతా తిరిగి, ఆఖర్న నా దగ్గరికి వచ్చేది. నాన్న పళ్ళెం నా ముందు పట్టుకుని, ఆ చరణం ఆయన పాడేవారు, నాకోసం. ఇంకెవరు పాడతారు దాన్ని? నాకు నేనే ఎలా పాడుకోను? ఈ రెండేళ్ళూ పాట మీద ఆసక్తి పోయిందని ఇందులో ఎన్నిసార్లు రాసుకున్నానో. ఆసక్తి పోలేదు. ఆ చరణం దగ్గరికి వెళ్ళాలంటే భయం. అంతే.

ఇది ఆవిడకి ఎంతవరకు చెప్పానో, ఏడుపులో ఎంత మింగానో గుర్తులేదు. సుందరమ్మ గారు లేచి వెళ్ళి తలుపు వేసి వచ్చారు. నా ఎదురుగా నిలబడ్డారు. ఆవిడకి పాట రాదు. శ్రుతి లేదు, తాళం లేదు, బడిలో హాజరు పిలిచే గొంతు. ఆ గొంతుతోనే, ఆగి ఆగి, నా మొహం చూస్తూ పాడారు.

పాడిన గొంతుకి మంగళం.

మార్చి 21, ఆదివారం

సంఘానికి వెళ్ళాను. పాడటానికి. టీ బుల్లబ్బాయి గారు పెట్టారు. నోట పెట్టలేకపోయాం.